మారిషస్ కొండలును, మన పాల్వంచ గుట్టలును

(పాల్వంచయందు జరిగిన సంఘ వార్షిక మహాసభలోఁ గావించిన యుపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ముఁ బిలిచి, "మీరు విదేశమున నుపాధ్యాయులుగా నుండి వచ్చినవారు గదా, అచ్చటి వింతలు చెప్పుఁడు" అనిరి. వింతలు చెప్పుట మాకు రాదు. ముప్పదియైదేండ్లు నల్లబల్ల యెదుట నిలిచినవారము. పాఠము చెప్పుట యొక్కటియే వచ్చును. కావున మేము నేర్చిన పాఠ మొకటి, అదియు మిక్కిలి యాలస్యముగా నేర్చినది, మీ సన్నిధిని విన్నవించుకొందుము. శనివారములందు మిత్రులతోఁ గూడి కొండలెక్కిన కథ యిది. వినుటకుఁ జిన్న విషయముగాఁ దోఁచును. కాని మన విద్యార్థి వసతిగృహమునకు దీనితోఁ బని గలదు. ఆ మాట చివర మనవి చేసెదము.

1995వ సంవత్సరమున మాకు మారిషస్ ద్వీపమునఁ దెలుఁగు బోధించు నవకాశము లభించెను. మూఁడేండ్ల యొప్పందము. పిల్లల చదువులు చెడునని గృహిణియుఁ బిల్లలును బాల్వంచలోనే నిలిచిరి. మేమొక్కరమే బయలుదేఱితిమి. ఆ ద్వీపము హిందూ మహాసముద్ర మధ్యమున నున్నది. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. అనఁగా నాఁటి మన ఖమ్మము జిల్లాలో నెనిమిదవ వంతుకంటెఁ దక్కువ. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను నోడ మన దేశపుఁ గూలీల నచ్చటి రేవునకుఁ జేర్చెను. అది మొదలు 1920 వఱకు నించుమించుగా నైదులక్షలమంది చెఱకుతోఁటల పనికై యొప్పందముమీఁద నాగట్టున దిగిరి. వారు దిగిన 'ఆప్రవాసీ ఘాట్' 2006లోఁ బ్రపంచ వారసత్వ స్థలములలోఁ జేర్పఁబడినది. వారిలోఁ దెలుఁగువారును గలరు. కాకినాడ దాపునఁగల కోరంగి రేవునుండి వచ్చినవారు పలువు రగుటచేఁ దెలుఁగువారికి 'కోరంగులు' అను పేరే వాడుకయైనది. వారి మునిమనుమలు నేఁటికిని రామభజనములు చేయుదురు, అమ్మోరి పండుగ చేయుదురు. మూఁడవ ప్రపంచ తెలుఁగు మహాసభ 1990లో నచ్చటనే జరిగినది.

వారమునం దైదు దినములు పనితో గడచిపోయెడివి. శని యాదివారములు మాత్రము మాకుఁ గడ్డుదినములు. ఇక్కడ మా బడికి ఆదివార మొక్కటే సెలవు. అక్కడ రెండు దినములు. గదిలోఁ గూర్చుండి, బియ్యము పొయ్యిమీఁదఁ బెట్టి, కుమారసంభవ వ్యాఖ్యానము తిరుగవేయుచు, ఇంటినుండి రావలసిన జాబునకై దినములు లెక్కించుచుండెడివారము. ఇట్లుండఁగా నొక శనివారము తెల్లవాఱకమునుపే తలుపు తట్టినవాఁడు మా సహోద్యోగి, గణితోపాధ్యాయుఁడు. ఆయన యచ్చటి తెలుఁగువారిలో నైదవ తరమువాఁడు. "మాస్టరుగారూ, లేవండి. కొండకుఁ బోదము" అనెను. "అక్కడ నే దేవుఁడున్నాఁడు?" అని మే మడిగితిమి. ఆయన నవ్వి, "దేవుఁడుండిన నుండవచ్చును. మనము ఊరక పోయి వత్తము" అనెను.

సోదరులారా, కొండ యెక్కుట మనకుఁ గ్రొత్త గాదు. భద్రాద్రియుఁ గొండయే, తిరుమలయు శ్రీశైలమును గొండలే. మ్రొక్కు లేక యెక్కుటయే మాకుఁ గ్రొత్త. ఇంకొక్క సంగతియు నొప్పుకొనవలెను. మహాకావ్యమునకు విధింపఁబడిన యష్టాదశ వర్ణనములలో శైలవర్ణన మొకటి. కాళిదాసు కుమారసంభవమును హిమాలయ వర్ణనతోనే యారంభించెను. ఇట్టి వర్ణనలకు మేము ప్రతిపదార్థము చెప్పి, అలంకారములు చూపి, పరీక్షలలోఁ బ్రశ్నలిచ్చితిమి. కాని శిలపైఁ జేయి మోపి కొండ యెక్కుట యెట్లుండునో యెఱుఁగము.

ఆ దినమున మే మెక్కిన కొండ పేరు లే పూస్. ఫ్రెంచి భాషలో బొటనవ్రేలని యర్థము. శిఖరము నిజముగనే బొటనవ్రేలివలె నిలిచియుండును. ఎత్తు 812 మీటర్లు. ప్రసిద్ధుఁడగు చార్లెస్ డార్విన్ 1836 మే నెలలో నీ కొండ నెక్కెను. మే మున్న మోకా యను నూరు దీని పాదముననే యున్నది. మొదటఁ జెఱకుతోఁటల నడుమ బండిబాట. తరువాతఁ జీనా జామ పొదలు. ఆ పైని నల్లని ఱాళ్లు. చివర శిఖరముకడఁ జేతులతోఁ బట్టుకొని ప్రాఁకవలసిన తావు. మేము పంచె కట్టి, తోలుచెప్పులు తొడిగి పోయితిమి. సగము దారిలోఁ జెప్పులు చేతికి వచ్చినవి, పంచె మోఁకాళ్లపైకి వచ్చినది. శిఖరము చేరి చూడఁగా నొకవైపునఁ బోర్ట్ లూయీ నగరము, దాని రేవు, దాని యోడలు. వేఱొకవైపునఁ బచ్చని చెఱకు. అన్నిటిని జుట్టి సముద్రము. ఇల్లు విడిచిన తరువాత మా గుండె తేలికపడిన మొదటి దిన మదియే.

అది మొదలు మేము నలువురము జట్టైతిమి. గణితోపాధ్యాయుఁడు, మేము, క్రియోల్ వంశీయుఁడగు వృక్షశాస్త్రోపాధ్యాయుఁడొకఁడు, భోజ్‌పురీ మాటలాడు గ్రంథాలయోద్యోగి యొకఁడు. ప్రతి శనివారము నాఱు గంటలకు బయలుదేఱుట. నెమ్మదిగా నడచువానిని ముందుంచుకొని తక్కినవారు వెనుక నడచుట. బడి సంగతు లెత్తకుండుట. పదునొకండు గంటలకు శిఖరము చేరినను జేరకున్నను వెనుకకుఁ దిరుగుట. ఇవి మా నియమములు. వీనికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు: శిఖరము మబ్బులో దూఱినచో నది మన కా దినమునకు సెలవు చెప్పినట్లేయని తలఁచి దిగిపోవలెను. ఇది గణితోపాధ్యాయుని తండ్రి యాయనకు నేర్పినదఁట.

భోజనమునకు నలువురి మూటలు నొక్క బండమీఁద విప్పెడివారము. మా మూటలోఁ జింతపండు పులిహోర. వారి మూటలలో దాల్‌పూరీలు, రొట్టెలు, జామపండ్లు. ఎవరి మూట యెవరిదో రెండు నిమిషములలోనే తెలియకపోయెడిది. ఆ మూఁడేండ్లలో "మీ రే కులమువారు?" అని మమ్ము నొక్కరు నడుగలేదు. "మీ దే యూరు?" అని మాత్రము తెలుఁగువారింట నడుగు పెట్టినప్పుడెల్ల నడిగిరి. ఇది కులసభయని యెఱిఁగియే యీ మాట చెప్పుచున్నాము. దీని పని మరలఁ బడును.

వృక్షశాస్త్రోపాధ్యాయుని మూలమున మా కన్నులు తెఱపడినవి. బ్లాక్ రివర్ లోయల యరణ్యమునకు 1994లో జాతీయోద్యానమను రక్షణ దొరకినది. అందు నడచుచు నాయన యొక చెట్టు బెరడుపైఁ జేయివేసి, "ఇది యెబొని. నల్లచేవకై డచ్చివారు దీనిని నఱికి యోడల కెక్కించిరి" అనెను. డచ్చివా రాదీవికి 1598లో వచ్చి 1710లో విడిచిపోయిరి. వారు విడుచులోపలనే డోడో యను పక్షిజాతి సమూలముగా నశించెను. పిమ్మట నాయన, "మీ దేశమున దీని జ్ఞాతి కలదు, దాని యాకుతో మీవారు పొగచుట్టలు చుట్టుదురు" అనెను. మేము దిగ్భ్రాంతులమైతిమి. అది మన తునికిచెట్టు! రెంటిదియు డయోస్పిరోస్ అను నొక్క ప్రజాతియే. తునికాకు కట్టలు మా వీధినుండి బండ్లమీఁదఁ బోవుచుండఁగాఁ జిన్ననాఁటినుండి చూచితిమి. ఆ చెట్టు పుట్టుపూర్వోత్తరములు మాకు మారిషస్‌లో నొక క్రియోల్ పండితుఁడు చెప్పవలసివచ్చెను. ఆయనయే మాకొక చిన్న డేగనుగూడఁ జూపెను. 1974లో స్వేచ్ఛగాఁ దిరుగు నా డేగలు ప్రపంచమున నాలుగు మాత్రమే మిగిలియుండెనఁట. మానవులు పట్టుదలతోఁ గాపాడఁగా మేము చూచునాఁటికి వందలకొలఁది యైనవి. నశింపఁజేసినవాఁడు మనుష్యుఁడే, నిలిపినవాఁడును మనుష్యుఁడే.

ఇఁక మా తప్పు చెప్పవలెను. 1997 ఫిబ్రవరి మాసము. ఆ దేశమున నది వానలకాలము, తుపానుల కాలము. లే పూస్ శిఖరమునకు నించుక దిగువ నుండఁగా మబ్బు దిగెను. గణితోపాధ్యాయుఁడు నిలిచి, "ఇఁక దిగుదము" అనెను. మాకు రోషము పుట్టెను. నూఱు గజములు లేదు. అప్పటికి పండ్రెండుమాఱు లెక్కిన కొండ. మేము భర్తృహరి నీతిశతకమునుండి, విఘ్నములకు వెఱచి యారంభించిన పనిని విడుచువారినిగూర్చిన శ్లోకమును రాగముతోఁ జదివి, తాత్పర్యముకూడఁ జెప్పితిమి. వారు మువ్వురును మాకంటెఁ జిన్నవారు. మాయందు గౌరవము గలవారు. మాఱు చెప్పలేక వెంట వచ్చిరి. శిఖరమునఁ దెల్లని పొగ తప్ప నేమియుఁ గానరాలేదు. దిగునప్పుడు వాన. ఱాళ్లు నూనె పూసినట్లైనవి. మా కాలు జాఱఁగా గణితోపాధ్యాయుఁడు మా చేయి పట్టి నిలిపి, తాను జాఱిపడెను. చీలమండ విఱిగెను. మే మాయనను భుజములపై నెత్తుకొని, వానలోఁ జెఱకుతోఁటలు దాఁటి బాట చేరుటకు మూఁడు గంటలు పట్టెను. ఆయన నొప్పికి మూలిగెనే కాని, "నేను చెప్పలేదా?" యను మాట యా దినమునఁ గాని, తరువాతఁ గాని యాయన నోట రాలేదు.

అప్పుడు మాకుఁ దెలిసినది. శ్లోకము తప్పు కాదు. దానిని వాడిన చోటు తప్పు. ధైర్యమును జెప్పు శ్లోకము మనకుఁ గంఠస్థమై యుండును. ఆ ధైర్యమునకు మూల్య మెవ్వరు చెల్లింతురో యది యందు వ్రాసియుండదు.

ఆయన రెండు నెలలు మంచముపట్టి యుండెను. ప్రతి సాయంకాలము పోయి కూర్చుండెడివారము. ఆయన తల్లి మాకుఁ దేనీరిచ్చి, యేమియు జరుగనట్లే మాటలాడెడిది. ఒకనాఁ డాయన యనెను: "మాస్టరుగారూ, మా ముత్తాతగారి తండ్రి కోరంగిలో నోడ యెక్కినాఁడని మాత్రము తెలియును. ఆయన దే యూరో మాకుఁ దెలియదు. తెలియదు గనుక మీ యూరే మా యూరని యనుకొందును. పడుకొని యేమియుఁ దోఁచకున్నది. మీ పాల్వంచ కొండలనుగూర్చి చెప్పండి. వాని పేర్లేమి? వానిమీఁద నేముండును?"

సోదరులారా, మేము నోరు తెఱచితిమి, మాట రాలేదు. కిన్నెరసాని యేఱు కలదంటిమి. విశ్వనాథవారి 'కిన్నెరసాని పాటలు' చెప్పి, దాని కథ వినిపించితిమి. 1966లోఁ బని మొదలిడిన విద్యుత్కేంద్రమును జెప్పితిమి. "అది సరే, కొండలు?" అని యాయన మరల నడిగెను. మా యింటివెనుకనే గుట్ట కలదు. దాని నీడలోఁ బుట్టితిమి. దాని పేరడిగినఁ జెప్పలేకపోయితిమి; మాకది 'గుట్ట' మాత్రమే. ఒక్కనాఁడును దానిపై కెక్కియెఱుఁగము. ఊరి పేరు పోఁగొట్టుకొన్నవాఁడు తన దీవిలోని ప్రతి శిఖరము నెఱుఁగును. ఊరు చేతనున్న మేము దాని గుట్ట నెఱుఁగము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

1998లోఁ దిరిగి వచ్చితిమి. వచ్చిన మొదటి యాదివారమే, మా పూర్వవిద్యార్థి తండ్రియగు నొక కోయ పెద్ద యింటికిఁ బోయి, గుట్ట చూపింపుమని వేఁడుకొంటిమి. ఆయన మమ్ము క్రిందినుండి మీఁదికిఁ జూచి, "సారూ, ఇన్నేండ్లనుంచి ఈడనే ఉన్నరు, ఇప్పుడా గుట్ట ఎక్కేది?" అనెను. ఆ ప్రశ్నకుఁ దల వంచుకొంటిమి. ఆయన వెంట నడచితిమి. ఇప్పచెట్టు నాయన చూపెను. వేసవి మొదటఁ దెల్లవాఱుసరికిఁ దన క్రింద పూలు పఱచియుంచునది. తునికి, మద్ది, టేకు, వెదురు, ఏది యెచ్చట నేల యుండునో చెప్పెను. ఎలుగుబంటి త్రవ్విన పుట్టను జూపెను. మాకు గుట్టయైనది యాయనకు నూఱు చోట్లు. ప్రతి మలుపునకు, ప్రతి బండకు, ప్రతి యూటకుఁ బేరు కలదు. ఆ పేర్లు మే మిచ్చట వ్రాయము. అవి యాయన సొత్తు; ఆయన నోటనే వినవలెను. పైనుండి చూడఁగా నొకవైపు విద్యుత్కేంద్రపు బ్రహ్మాండమైన గోపురములు, వేఱొకవైపు దూరమునఁ గిన్నెరసాని జలాశయపు నీరు వెండిరేకువలె మెఱయుచు నుండెను. పాతకేంద్రపు టా గోపురములు 2024లోఁ గూల్పఁబడినవి. మేము శాశ్వతమనుకొన్నవి పోయినవి, గుట్ట యున్నది.

అప్పటినుండి మా మిత్రునకు నెలకొక జాబు, జాబునకొక నడక వ్రాయుచుంటిమి. అందొకదానిలో నిట్లు వ్రాసితిమి: మా కిన్నెరసాని గోదావరిలోఁ గలియును, గోదావరి పాయలుగాఁ జీలి సముద్రము చేరును, గౌతమీ శాఖ కోరంగి ప్రాంతముననే కడలిఁ గలియును. కావున మీ పెద్ద యోడ యెక్కిన తావునకు మా యేటి నీరు వచ్చుచునే యున్నది. ఈ జాబును దన తల్లికిఁ జదివి వినిపించితినని యాయన బదులు వ్రాసెను.

2012 డిసెంబరులోఁ దిరుపతియందు నాలుగవ ప్రపంచ తెలుఁగు మహాసభ జరిగెను. దానికి వచ్చిన మా మిత్రుఁడు పాల్వంచకు వచ్చి మా యింట రెండు దినము లుండెను. కోయ పెద్దతోఁ గూడి గుట్టకుఁ బోయితిమి. సగము దారిలో నాయన పాత చీలమండ నొప్పిపెట్టెను. శిఖర మెదుటనే యున్నది. "దిగుదము" అని మేమే యంటిమి. ఆయన నవ్వి, "శ్లోకము చదువరా?" అనెను. "ఆ పాఠము మఱచితిమి" అంటిమి. అచ్చటనే బండమీఁదఁ గూర్చుండి మూటలు విప్పితిమి. పెద్ద యాయన నడిగెను: "మీదే ఊరు?" మా మిత్రుఁడు కొంచెము తడబడి, "ఇదే" యనెను. "అట్లనా, మరి ఎన్నడూ కనపళ్ళే. రేపు పొద్దుగాల రా, అవతలి దిక్కు చూపిస్త" అని యాతఁడు రొట్టె నమలుచుఁ బలికెను. మా మిత్రుఁడు మొగము త్రిప్పికొని చాలసేపు చెట్లవంకఁ జూచుచుండెను.

ఇఁక మా మనవి. మన వసతిగృహమునఁ జదువుకొను బాలురకును బాలికలకును బుస్తకములు కలవు, పరీక్షలు కలవు, చేతిలో ఫోనులు కలవు. వారిలోఁ బలువురు రేపు హైదరాబాదునకును, అమెరికాకును బోవువారే, పోవలసినదే. కాని యచ్చట నెవరైన "మీ యూరి కొండ పేరేమి?" యని యడిగినచో వారు మావలె నోరు తెఱచి యూరకుండఁగూడదు. కావున సంఘమువారు నెలకొక యాదివారము మన పిల్లలను గుట్టలకు నడిపింపవలెనని ప్రార్థించుచున్నాము. మేము బ్రదికియున్నంతవఱకు వెంట వత్తుము; నెమ్మదిగా నడచువాఁడు ముందుండవలెనను నియమమునుబట్టి మేమే ముందుందుము.

నియమములు కొన్ని గలవు. కిన్నెరసాని యరణ్యము 1977నుండి వన్యప్రాణి సంరక్షణ స్థలము. అటవీశాఖవారి యనుమతి లేక యందుఁ గాలు పెట్టరాదు. వానదినములఁ బోరాదు. జలాశయమునఁ గాని, వాఁగులఁ గాని దిగరాదు. నిప్పు రాజేయరాదు, తెచ్చిన కాగితముకూడఁ దిరిగి తేవలెను. మబ్బు పట్టినను, నిర్ణయించిన గంట కొట్టినను, ఎంత దగ్గఱనున్నను వెనుకకు మరలవలెను. దీనిని బిరికితనమని యెవ్వరైన నన్నచో వారిని మాయొద్దకుఁ బంపుఁడు; ఒక చీలమండ కథ చెప్పెదము.

మార్గము చూపు కోయ పెద్దలను గూలివాండ్రనుగాఁ గాక, గురువులనుగా భావించి, వారికి గురుదక్షిణ యీయవలెను. తుదకు, ముందు చెప్పిన మాట. ఆ నడకకు మన సంఘపుఁ బిల్లలను మాత్రమే తీసికొనిపోవుట మాకు సమ్మతము గాదు. వసతిగృహపుఁ బ్రక్కవీధిలోని పిల్లలును, కోయపిల్లలును గలిసి రావలెను. అందఱి మూటలు నొక్క బండమీఁద విప్పవలెను. మన పిల్లల చదువునకై మనము గూడుట మంచిదే. ఇన్నేండ్లుగా నీ సభకు వచ్చుచునే యున్నాము. కాని చదువులో మేము నేర్చిన మేలైన భాగము మాకుఁ బరులవలననే లభించినది. ఒక క్రియోల్ పండితుఁడు మాకుఁ దునికిచెట్టును జూపెను. ఒక కోయ పెద్ద మా యింటి గుట్టను జూపెను. ఊరు తెలియని యొక తెలుఁగువాఁడు మా యూరిని మాకుఁ జూపెను.

దాతలను మేము భవన మడుగుట లేదు, బంగారు పతకము లడుగుట లేదు. పిల్లల పాదములకు జోళ్లు, బస్సు ఛార్జీలు, మూటలోనికిఁ గొన్ని యటుకులు, బెల్లము. అంతియే. రాఁబోవు ఫాల్గుణములో, ఇప్పపూలు రాలునాఁటికి, మొదటి నడక సాగునట్లు సంఘమువారు తీర్మానించిన, ఆ సాయంకాలమే మారిషస్‌కు జాబు వ్రాసెదము.